నమజీరా రెండో సాక్షి

జూన్ వచ్చిందంటే జొంబాలో బట్టలు ఆరవు. చిపెరోని పట్టిందంటే ముందు కొండ మాయమవుతుంది, తర్వాత కొండ కింది మా కాలేజీ, ఆ తర్వాత ఎదురుగా గొడుగు పట్టుకుని వస్తున్న మనిషి. వాన అనడానికి లేదు, మంచు అనడానికి లేదు. సన్నటి తుంపర రోజుల తరబడి గాలిలో వేలాడుతుంది. హాస్టల్ వరండాలో తీగలమీద, మేం ఒంటికి చుట్టుకునే చితెంజెలు ముక్కవాసన కొడుతుంటాయి. ఎవరికీ ఏమీ అనిపించదు. ఏటా ఇంతే కదా.

ఆ ఏడు నాకు అసలు దేనికీ ఏమీ అనిపించలేదు.

నాన్న అంతకు మూడు నెలల ముందు, వానాకాలం చివర్లో పోయాడు. లివొండె దాటాక ఆయన నడిపే లారీ బోల్తా పడింది. ఊరికి వెళ్ళాను. మట్టి వేశాను. వచ్చినవాళ్ళందరికీ న్సిమా సంకటి వడ్డించాను, గిన్నెలు తోమాను, తిరిగి కాలేజీకి వచ్చాను. కన్నీళ్ళు రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుంది? మనదే, కానీ గిల్లినా తెలియదు. నాకు ఒళ్ళంతా అలా ఉండేది. తింటే తింటున్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, విన్నవాళ్ళందరూ ఒకటే అడుగుతారు. "తియా, నువ్వు అక్కణ్ణుంచి ఎందుకు పారిపోలేదు?" అని. పారిపోవడానికి భయం ఉండాలి. అప్పుడు నా దగ్గర అది లేదు.

నాది చరిత్ర, చివరి సంవత్సరం. మొదటి ప్రపంచ యుద్ధంలో దొరల సైన్యానికి సామాన్లు మోసిన మనవాళ్ళమీద పరిశోధన. తెంగ-తెంగ అంటారు వాళ్ళని. తుపాకి పట్టినవాళ్ళకంటే మూట మోసినవాళ్ళే ఎక్కువమంది పోయిన యుద్ధం అది. నా కథ వాళ్ళలో ఒక చిన్న గుంపుది. యుద్ధం అయిపోయి ఇళ్ళకు తిరిగొస్తూ, నమజీరా అనే చోట పాత పత్తి గోదాంలో ఆగారు. అప్పటికే వాళ్ళలో జ్వరం. ఆ ఏడు ప్రపంచాన్నంతా ఊడ్చేసిన జ్వరమే. గోదాం తలుపు మూతపడింది. మళ్ళీ తెరుచుకోలేదు.

ఈ సంగతి చెప్పింది ఒక ముసలమ్మ. ఎప్పుడో విద్యార్థులు టేపు రికార్డరు పట్టుకుని ఊళ్ళు తిరిగిన రోజుల్లో రికార్డు చేసిన మాటలు, ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించారు. "దొరలు బయటనుంచి తాళం వేశారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. మేం పిల్లలం గోడ దగ్గరికి పోయి పిలిచేవాళ్ళం. మొదట్లో అందరూ కలిసి పాడేవాళ్ళు లోపల. రోజురోజుకీ గొంతులు తగ్గిపోయాయి. చివరికి ఒక్క గొంతే వినబడేది" అంటుంది ఆమె. ఆ టేపు ఎన్నిసార్లు విన్నానో. నా పరిశోధనకు వెన్నెముక అదే.

డాక్టర్ చిసాలే ఆ అధ్యాయం చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఒక్క ముసలమ్మ మాటమీద ఇంత కట్టావా?"

"ఆమె చిన్నప్పుడు స్వయంగా విన్నది సార్."

"వినే ఉంటుంది. మా అమ్మమ్మ కూడా స్వయంగా చూశాననే చెప్పేది, సింహం చొక్కా తొడుక్కుని చర్చికొచ్చి వెనక బెంచీలో కూర్చుందని." నవ్వాడు. నేను నవ్వలేదని చూసి గొంతు తగ్గించాడు. "రెండో సాక్ష్యం తీసుకురా అమ్మాయ్. పాత పేపర్లో చిన్న ముక్కయినా సరే, మిషన్ ఆస్పత్రి రిపోర్టయినా సరే, ఇంకో మనిషి నోటిమాటైనా సరే. దొరక్కపోతే ఆ అధ్యాయం తీసెయ్యి."

"తీసేస్తే ఏమీ మిగలదు సార్."

"నేనూ అదే అంటున్నా. మిగలకపోతే ఈ ఏడు పట్టా కూడా ఉండదు. మళ్ళీ ఏడాది చదవాలి. ఇంట్లో పరిస్థితి నాకు తెలుసు. అందుకే ముందుగా చెబుతున్నా."

అలా లైబ్రరీలో పడ్డాను.

మా లైబ్రేరియన్ మిసెస్ లిపెంగా లావుపాటి మనిషి. గొంతు కూడా లావే. లైబ్రరీలో గట్టిగా మాట్లాడే హక్కు ఆమె ఒక్కదానికే ఉండేది. కంప్యూటర్ ముందు నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, నూనెలో వేయించిన మందాసి కొరుకుతూ నేర్పించింది.

"ఒక్క మాట కొట్టి, దొరకలేదని ఏడవకూడదు. 'మోసేవాళ్ళు' అని కొడితే రాకపోతే 'కూలీలు' అని కొట్టు. అదీ రాకపోతే 'సైన్యం, రవాణా' అను. మనం వెతికే మాట వాళ్ళు రాసిన మాట కాకపోవచ్చు కదా. ఇంకోటి. ఎవరైనా ఈమధ్య రాసిన వ్యాసం దొరికిందా, కింద చిన్న అక్షరాలు చూడు. వాళ్ళు ఎక్కడ తవ్వుకున్నారో అక్కడ ఉంటుంది. ఆ గొయ్యిలోనే నువ్వూ దిగు."

దిగాను. పాత పేపర్ల డేటాబేస్, మిషన్ పత్రికలవి, యుద్ధకాలపు వైద్యులవి... ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డు. చిపెరోనిలో నెట్టు కూడా నత్తలా నడుస్తుంది. ఎక్కడ కొట్టినా 'నమజీరా' అన్న మాటకు ఒకటే జవాబు. ఫలితాలు లేవు. ఇంకెవరైనా అయితే విసిగిపోయి లేచేవాళ్ళు. నాకు విసుగు కూడా రాలేదు. పొద్దున తలుపులు తెరిచాక వెళ్ళి కూర్చోవడం, వేళ్ళు మొద్దుబారేదాకా కొట్టడం, మూసేటప్పుడు లేవడం.

"స్పెల్లింగు మార్చి చూశావా?" అంది మిసెస్ లిపెంగా ఒక మధ్యాహ్నం. "దొరలు మన పేర్లు చెవికి ఎలా తగిలితే అలా రాశారు. మా తాత పేరు ఒక కాగితంలో కోడిలా ఉంటే ఇంకో కాగితంలో కొండలా ఉండేది."

నమసీరా. నమగీరా. న్యమజీరా. మమజీరా.

ఆ చివరిదానికి ఒక్కటి వచ్చింది.

ఆడియో. మాట్లాడినవారు: ఖాళీ. అడిగినవారు: ఖాళీ. లైబ్రరీలో మాత్రమే వినాలి, కింది గది.

"అది నేనెప్పుడూ చూడలేదే," అంది మిసెస్ లిపెంగా, తెరమీదకు వంగి. "పాత డబ్బాలన్నీ ఎవరో ప్రాజెక్టు వాళ్ళొచ్చి ఎక్కించి పోయారులే. సగానికి పేర్లే పెట్టలేదు. వెళ్ళి విను. దొరికిందేమో నీ రెండో సాక్షి." తాళంచెవి చేతిలో పెట్టింది. "కింద బాగా చలి. చితెంజె కప్పుకుని పో. ఈ పిల్లకి చెబితే గాని చలి కూడా వెయ్యదు."

కింది గది ఒకప్పుడు సామాన్ల గది. సగం భూమిలోకి ఉంటుంది. కిటికీలు పైకప్పు దగ్గర, బయట నేలకు సమానంగా. వాటిలోంచి గడ్డి మొదళ్ళు, మనుషుల చెప్పులు కనిపిస్తాయి. ఆవేళ మంచు తప్ప ఏమీ కనిపించలేదు. ఇనప బీరువాలు రెండు వరసల్లో, వాటి మధ్య సన్నటి దారి, ఈ చివర బల్ల, కంప్యూటర్, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్. గోడలకు చెమ్మ. ఎక్కడో పైపులోంచి నీటి చుక్క పడుతున్న చప్పుడు. టప్. ఆగి, మళ్ళీ టప్.

తలుపు దగ్గరికి వేశాను. కూర్చున్నాను. ఫోన్‌లో రికార్డరు నొక్కి బల్లమీద పెట్టాను, విన్నది అక్కడికక్కడే పైకి చెప్పుకుంటే మళ్ళీ రాసుకోవడానికి పనికొస్తుందని.

మొదట చాలాసేపు ఏమీ లేదు. టేపు తిరుగుతున్న బుసబుస. తర్వాత ఊపిరి. ఎవరో కొండెక్కి వచ్చి ఆగినట్టు, నోటితో తీస్తున్న ఊపిరి. మాట లేదు. ముందుకు జరిపి చూశాను. ఊపిరే. ఇంకొంచెం జరిపాను. ఊపిరే, కానీ దగ్గరగా.

కరెంటు పోయింది.

జొంబాలో కరెంటు పోవడం కూడా ఒక వార్తేనా? తెర నల్లబడింది. గది బూడిదరంగులోకి దిగింది. పైన ఎవరో "అయ్యో" అన్నారు, ఎవరో నవ్వారు. నేను కదలకుండా కూర్చున్నాను, వస్తుందేమోనని.

చెవుల్లో ఊపిరి ఆగలేదు.

కంప్యూటర్ ఆరిపోయింది. లోపల ఫ్యాను ఆగిన చప్పుడు కూడా విన్నాను. అయినా ఊపిరి వినబడుతోంది. లోపలికి... బయటికి. చెవులకు పెట్టుకున్నది తీసి బల్లమీద పెట్టాను.

ఊపిరి గదిలో ఉంది.

వాసన అప్పుడు వచ్చింది. తడిసిన గోనె. పచ్చి పత్తి. కిరోసిన్. వాటన్నిటికింద చాలారోజులు స్నానం లేని మనిషి వాసన... మా నాన్న లారీ దిగి వచ్చినప్పటి వాసన కాదు, అంతకంటే పాతది.

బీరువాల మధ్య దారిలో, ఆ చివర, ఒకాయన నిలబడి ఉన్నాడు.

ముసలివాడో కాదో తెలియలేదు. ఎముకలమీద చర్మం. మోకాళ్ళు కొంచెం వంగి ఉన్నాయి. రెండు చేతులూ తలకు అటూ ఇటూ పైకెత్తి ఉన్నాయి, బరువైన మూటను పట్టుకున్నవాడిలా. తలమీద చుట్టకుదురు కనిపించింది, గుడ్డ పీలికలతో చుట్టింది. దానిమీద ఏమీ లేదు. ఏమీ లేదు... కానీ ఆ చుట్టకుదురు అణిగి ఉంది. మెడ నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు. గుసగుస. మాట మా అమ్మమ్మ వాళ్ళ వైపు యాస, పాతది. "ఒక చెయ్యి వెయ్యమ్మా. దించుకుంటా."

నా గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది, పక్కగదిలో ఎవరో తలుపు కొడుతున్నట్టు. అంతే. కాళ్ళు లేవలేదు. గొంతులోంచి వచ్చిన మాట నాకే విచిత్రంగా వినబడింది.

"మీ పేరేంటి తాతా?"

క్లాసులో అలాగే నేర్పారు. ముందు పేరు, తర్వాత ఊరు.

చెప్పాడు. విన్నాను కూడా. విన్న మరుక్షణం అది నా చెవిలోంచి జారిపోయింది. ఇప్పటికీ నాలుక చివర ఉంటుంది, రాదు.

"ఏ ఊరు?"

"కొండ అవతల."

"యుద్ధానికి ఎవరు తీసుకెళ్ళారు?"

"పన్ను కట్టలేదని తాడేసి తీసుకెళ్ళారు. తర్వాత తాడు తీసి మూట ఇచ్చారు." ఊపిరి. "తాడే నయం."

టప్. నీటి చుక్క.

"నమజీరాలో మీరున్నారా?"

"ఉన్నాను."

"గోదాం తలుపు ఎవరు మూశారు తాతా? దొరలేనా?"

  తలమీద లేనిదేదో కొంచెం పక్కకు ఒరిగింది. దాన్ని సరిచేసుకున్నాడు.

"దొరలు అప్పటికే పోయారమ్మా, మమ్మల్ని దారిలో వదిలేసి. మేమే మూశాం. లోపలినుంచి."

"లోపలినుంచా?"

"దగ్గితే నెత్తురు పడుతోంది. అవతల ఊళ్ళో పిల్లలు. మా పిల్లలే. వచ్చామని తెలిసి గోడ దగ్గరికొచ్చి పేరుపెట్టి పిలుస్తున్నారు. తలుపు తీస్తే... వాళ్ళూ."

"అందరూ ఒప్పుకున్నారా?"

"లేదు."

ఇంకేమీ అడగకూడదనిపించింది. అయినా చూశాను ఆయన వైపు.

"గడియకు అడ్డం నేనే నిలబడ్డా," అన్నాడు. "నన్ను లాగడానికి వచ్చినవాళ్ళకి బలం లేదు. నాకుంది. అంతే తేడా."

"మరి ఈ మూట? ఇన్నాళ్ళూ దించలేదా?"

"ఎక్కడ దించను తల్లీ? నేలంతా మనుషులే పడుకుని ఉన్నారు." ఊపిరి. ఇప్పుడు దగ్గరగా. ఎప్పుడు నడిచాడో చూడలేదు. బీరువాల ఈ చివరికి వచ్చి ఉన్నాడు. "తర్వాత చోటు దొరికింది. దించడానికి ఇంకో మనిషి మిగల్లేదు. ఒక్కడివల్ల కాదమ్మా. మెడ విరుగుతుంది."

అది నిజం. నీళ్ళ బిందె మోసిన ఆడపిల్ల ఎవరికైనా తెలుస్తుంది అది. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి కావాలి, దించేటప్పుడూ ఒక చెయ్యి కావాలి.

"ఏముంది అందులో?"

"చెప్పలేదు. తడవనివ్వొద్దన్నారు."

లేచాను. ఎందుకని అడిగితే చెప్పలేను. జాలి అనడానికి అప్పుడు నాలో జాలి లేదు. ఇంటిముందు మూటతో ఎవరైనా నిలబడితే చెయ్యి అందిస్తాం. చేతులకు అలవాటు. ఎదురుగా నిలబడి చేతులు పైకెత్తాను, ఆయన చేతుల పక్కన.

తగిలింది.

గోనె. చెమ్మగా ఉంది. చల్లగా ఉంటుందనుకున్నాను. వెచ్చగా ఉంది... పొయ్యి దగ్గర పెట్టిన దుప్పటిలా. బరువు ఒక్కసారిగా నా మోచేతుల్లోకి దిగింది. "నేలదాకా పట్టుకోండి తాతా" అన్నాను. దించేటప్పుడు ఇద్దరూ నేలదాకా పట్టుకోవాలి. అది పద్ధతి.

ఆయన వదిలేశాడు.

వదిలేసి మెడ నిటారుగా ఎత్తాడు. ఎండిన కొమ్మ విరిగినట్టు చప్పుడు. మొదటిసారి నా మొహంలోకి చూశాడు. కళ్ళల్లో సంతోషం ఉంటుందనుకున్నాను. సిగ్గు ఉంది.

"క్షమించు తల్లీ," అన్నాడు.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ కుయ్యిమంది. దారి ఖాళీగా ఉంది, నేల పొడిగా ఉంది. నేను చేతులు రెండూ తలకు అటూ ఇటూ ఎత్తి నిలబడి ఉన్నాను.

పైకి వెళ్ళేసరికి మిసెస్ లిపెంగా కిటికీలు మూస్తోంది. తాళంచెవి ఇచ్చాను. నన్ను చూసి "మెడ పట్టేసిందా? ఆ కుర్చీలంతే" అంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఎవరో తడి గోనెసంచి తెచ్చినట్టున్నారు లోపలికి. పుస్తకాలకు చెమ్మ తగిలితే..." అంటూ గోనెసంచి వెతకడానికి అటు వెళ్ళిపోయింది.

హాస్టల్ గదిలో లుసుంగు హాట్‌ప్లేటుమీద ఉసిపా వేయిస్తోంది. లుసుంగు నా గదిలో ఉండే పిల్ల, ఉత్తరాన కరోంగ నుంచి వచ్చింది. నోరు ఒక్క క్షణం ఊరుకోదు. నాన్న పోయాక, నేను మాట్లాడని లోటంతా తనే తీర్చేది.

"ఏమే, నెత్తిమీద బిందె ఉన్నట్టు నడుస్తున్నావేంటి?" అంది వెనక్కి తిరగకుండానే, గోడమీద నీడ చూసి. "దక్షిణాది దొరసానులు ఇలా నడుస్తారు కాబోలు. మా ఊళ్ళో అయితే నీళ్ళు తేవడానికి పంపేస్తారు."

"మెడ పట్టేసింది."

"చేపల వాసనకైనా మొహం మార్చవే. నీకోసం కొంచెం మాడ్చాను, నీకిష్టమని."

తిన్నాను. పడుకోబోతే కాలేదు. తల దిండుమీద ఆనించగానే ఆ బరువు జారబోయింది. అది జారకూడదని నా ఒంటికి తెలుసు. ఎవరు చెప్పారో తెలియదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను. తెల్లారింది.

ఆ వారమంతా అలాగే. పుస్తకం వంగి చదవలేను, మొహానికెదురుగా పట్టుకుని చదవాలి. భుజాలనుంచి వేళ్ళదాకా తిమ్మిరి. తుంపరలోకి వెళ్ళాలంటే కాళ్ళు ఆగిపోయేవి. ఎవరిదో గొడుగు దొరికేదాకా గుమ్మంలో నిలబడేదాన్ని. నా ఒళ్ళు తడవడంతో నాకు పని లేదు. గొడుగు మాత్రం బాగా పైకి పట్టుకునేదాన్ని.

డాక్టర్ చిసాలే దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళాను. ఆయన బల్లమీద పెట్టుకుని మొత్తం విన్నాడు. నేను అంతకుముందు వినలేదు. ఇద్దరం కలిసి విన్నాం. ఆ గొంతు స్పష్టంగా ఉంది. కొండ అవతల. తాడే నయం. మేమే మూశాం, లోపలినుంచి. అన్నీ ఉన్నాయి. నా ప్రశ్నలు మాత్రం లేవు. ప్రశ్న ఉండాల్సిన చోటల్లా నీటి చుక్క చప్పుడు. పేరు చెప్పిన చోట ఊపిరి.

ఆయన ఫోన్ ఆపాడు.

"చెప్పినవాడి పేరు లేదు," అన్నాడు. "అడిగినవాడి గొంతు లేదు. దీన్ని సాక్ష్యం అని నేను సంతకం పెట్టలేనమ్మా."

"సరే సార్."

"కానీ అధ్యాయం తీసెయ్యకు." ఫోన్‌ను వేలితో నావైపు నెట్టాడు, ముట్టుకోవడం ఇష్టం లేనట్టు. "తలుపు ఎవరు మూశారో తెలియదు అని రాయి. 'తెలియదు' అన్న ఒక్క మాట చాలు, పాస్ చేస్తాను. ఇంక దీన్ని ఎవరికీ వినిపించకు." నేను లేస్తుంటే, పూర్తి పేరు పెట్టి పిలిచి, "తియమికే, ఎవరికైనా మెడ చూపించుకో" అన్నాడు.

పాస్ అవుతానన్నమాట. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ ఏడ్చింది. నేను వింటూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే లుసుంగు తలుపు మూసి నా ఎదురుగా మంచంమీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. మెడ నొప్పయితే మందు రాసుకుంటారు. నువ్వు కూర్చుని నిద్రపోతున్నావు. నిన్న చూశాను, నిద్రలో రెండు చేతులూ పైకెత్తుకున్నావు."

చెప్పాను. కింది గది, గోనె, ఆయన వదిలెయ్యడం. వార్తలు చదువుతున్నట్టు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎవరైనా చెయ్యి వేస్తే దిగుతుందా?"

"దిగదు. వాళ్ళమీదికి పోతుంది. ఇద్దరూ నేలదాకా పట్టుకోవాలి. నా చేతులు పట్టవు లుసుంగు. వేళ్ళు మడవడం లేదు, చూడు."

"చూశాను."

"నువ్వు ముట్టుకోకు."

"మా అమ్మ ఏమంటుందో తెలుసా? గుమ్మంలో మూటతో మనిషి నిలబడితే ముందు దించు, తర్వాత పేరడుగు అంటుంది." లేచి నిలబడింది.

"లుసుంగు, వద్దు."

"నోర్ముయ్యవే. ఇన్ని నెలలుగా నిన్ను చూస్తున్నా. ఇదొక్కటైనా నా చేతికి అందేదిగా ఉంది."

వెనక్కి జరగబోయాను. వెనక గోడ. ఆమె చేతులు నా తలకు పైన గాలిలో ఆగాయి, వేళ్ళు దేన్నో పట్టుకున్నాయి. అణిగాయి.

నా మెడమీంచి లేచింది.

ఆ క్షణంలో అన్నీ ఒక్కసారే వచ్చాయి. చలి వేసింది. గోడ చెమ్మ వీపుకు తగిలింది. ఆకలి. నాన్న మొహం. సమాధిమీద మట్టి పడిన చప్పుడు. కింది గదిలో బీరువాల మధ్య నిలబడిన మనిషి, ఆయన కళ్ళు... అప్పుడు వేసింది భయం, వారం తర్వాత. నేలమీద పడి ఏడ్చాను. నాన్నా, నాన్నా అని ఏడ్చాను. అలా ఎంతసేపో. ఏడుస్తూనే చేతులు చాచాను, పట్టుకుందామని, ఇద్దరం కలిసి కింద పెడదామని. చేతుల్లో ఇంకా తిమ్మిరి. వేళ్ళు గాలిలో జారిపోయాయి.

లుసుంగు ఓదార్చలేదు. తలెత్తి చూశాను.

గది మధ్యలో నిలబడి ఉంది. మెడ నిటారుగా. మోకాళ్ళు కొంచెం వంగి. మొహంలో ఏమీ లేదు.

"బరువుగా ఉందా?" అన్నాను.

పెదాలమీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడు," అంది గుసగుసగా. "నిద్రపోతోంది."

తర్వాత తను మాట్లాడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నేను ఎన్నిసార్లు బతిమాలానో. "ఇప్పుడు నా చేతులు బాగున్నాయి, ఇటు తిరుగు, ఇద్దరం కలిసి దించుదాం" అంటే తల కొంచెం కూడా ఆడించకుండా, "లేస్తుంది" అనేది. చెయ్యి చాచితే ఒళ్ళు అడ్డం పెట్టి అటు తిరిగేది, చంటిపిల్లను దాచుకున్నట్టు. సెలవులిచ్చారు. బస్సు స్టాండుకు నేనే తీసుకెళ్ళాను. తుంపర పడుతోంది. తన చితెంజె తీసి తలకు పైన పందిరిలా పట్టుకుంది, కిందంతా తడిసిపోతున్నా. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, వీపు సీటుకు ఆనకుండా. మంచులో బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. తను ఊపలేదు. చేతులు ఖాళీగా లేవు.

నేను పాసయ్యాను. మంచు విడిచింది. కొండ మళ్ళీ కనిపించింది. ఇప్పుడు అన్నం రుచి తెలుస్తోంది. నాన్న గుర్తొస్తే ఏడుపొస్తోంది. ఇదంతా లుసుంగు పెట్టిన భిక్షే అనిపిస్తుంది.

నిన్న మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. కరోంగలో ఎండ మండిపోతోందట. వెనక కోళ్ళ అరుపు వినబడుతోంది.

"ఒకసారి రా తల్లీ," అంది. "నిన్ను చూస్తే మాట్లాడుతుందేమో. తింటోంది, పని చేస్తోంది. దేనికీ ఏడవదు, నవ్వదు. ఇది మా పిల్లేనా అనిపిస్తోంది."

"వస్తున్నానమ్మా. టికెట్టు తీసుకున్నాను. నేనూ తనూ కలిసి చేయాల్సిన పని ఒకటుంది. నేనొచ్చేదాకా మీరెవరూ తన తల దగ్గర చెయ్యి పెట్టకండి. ఎంత బతిమాలినా సరే."

"ఎవరు బతిమాలతారు? అసలు మాతో మాట్లాడితే కదా."  గొంతు తగ్గించింది. "గదిలో తలుపేసుకుని కథలు చెబుతుంటుంది. అవి మా వైపు కథలు కావు. ఆ భాష కూడా మాది కాదు. అయినా చెబితే చెప్పుకోనీ అని ఊరుకున్నాం."

"ఎవరికి చెబుతుందమ్మా?"

"అదే తెలియట్లేదు. ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరు. కథ చెబుతుంటే లోపల ఊఁ కొడుతున్నారు తల్లీ." కోళ్ళు అరుస్తూనే ఉన్నాయి. "మొదట్లో ఒక్కరే అనుకున్నాం."